తీసేయాలా... ఉంచాలా?

ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్ మోగితే మా ల్యాబ్‌లో అందరం లేచి నిలబడేవాళ్ళం. అవతల నుంచి సిస్టర్ చెప్పేది ఒక్కటే మాట: "ఫ్రోజెన్ వస్తోంది."

అంటే అక్కడ టేబుల్ మీద మనిషి మత్తులో ఉన్నాడని అర్థం. సర్జన్ కత్తి పక్కన పెట్టి మా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడని అర్థం. మరో రెండు నిమిషాల్లో వార్డుబాయ్ తడి గాజుగుడ్డలో చిన్న ముక్క పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. అది క్యాన్సరా కాదా, అంచు దాకా పాకిందా లేదా, అర్జెంటుగా తేల్చాలి.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో 34 ఏళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. రోగులు మమ్మల్ని చూడరు. మేమూ రోగుల్ని చూడం. వాళ్ళ ముక్కల్ని చూస్తాం. వాటి మీద పేర్లు, నంబర్లు రాస్తాం.

మామూలుగా అయితే ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో బిగించి, పల్చగా కోసి, రంగు వేసి చూస్తాం. ఇదంతా అయ్యేసరికి కొన్ని రోజులు పడుతుంది. టేబుల్ మీద పడుకున్న మనిషికి అంత టైమెక్కడిది? అందుకే ఫ్రోజెన్ సెక్షన్. ముక్కను క్రయోస్టాట్ అనే మిషన్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, అయిదు మైక్రాన్ల మందాన కోస్తాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొరను గాజు స్లైడు మీదికి ఎత్తి, రంగు వేసి, డాక్టరుగారి చేతికిస్తాం. అన్నీ సవ్యంగా జరిగితే ఇరవై నిమిషాలు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1905లో అమెరికాలో మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. మనిషి టేబుల్ మీద ఉండగానే జవాబు చెప్పే దారి ఏదైనా చూడమని అక్కడి సర్జన్ అడిగితే, ఆయన ఆ చలికాలంలో ముక్కను కిటికీ బయట పెట్టి గడ్డకట్టించాడట. మాకు ఆ చలి ఎక్కడ వస్తుంది? మాకు మే నెల ఉంటుంది, కరెంటు కోత ఉంటుంది.

అలాంటి ఒక మే నెల సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత కథ మీకు అర్థం కాదు.

ఆ రోజు వచ్చిన ముక్క కందిపప్పు గింజంత ఉంది. చెవి కింద ఉండే లాలాజల గ్రంథిలో గడ్డ. ఆ గ్రంథి మధ్య నుంచి ముఖాన్ని కదిలించే నరం వెళ్తుంది. నరం పక్క నుంచి తీసిన ముక్క అది. అందులో క్యాన్సర్ కణాలు లేవంటే నరం ఉంచుతారు. ఉన్నాయంటే నరం కొమ్మ కూడా తీసేస్తారు. కరెంటు వచ్చీపోయీ మిషన్ చల్లదనం పడిపోయింది. బ్లేడు కింద ముక్క మెత్తబడి ముద్దయింది. రెండోసారి కోస్తే మడతపడింది. మూడోసారి కోయడానికి ముక్కే మిగల్లేదు.

మేడమ్ చాలాసేపు మైక్రోస్కోపులోకి చూసి, ఫోనెత్తి "చెప్పలేను సార్" అన్నారు. అవతల సర్జన్‌ది తప్పని నేననను. తెలియనప్పుడు ప్రాణానికే ఓటు వేయాలి. ఆయన నరం కొమ్మ తీసేశారు. వారం తర్వాత ఆ నరం మా దగ్గరికే వచ్చింది. మైనంలో బిగించి, తీరుబడిగా కోసి చూశాం. అందులో క్యాన్సర్ లేదు.

ఆ పేషెంటు ఆర్టీసీ కండక్టరు. రిపోర్టు తీసుకోవడానికి ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది. "అంతా బాగానే ఉంది బాబూ. ఈల ఊదలేకపోతున్నాను, అంతే. గాలి పక్కనుంచి పోతోంది" అన్నాడు. నన్ను నిందించడానికి కాదు, ఏదో మాటవరసకి చెప్పాడు. ఆ మిషన్ దగ్గర నిలబడ్డది నేనే అని అతనికి తెలీదు.

ఆ తర్వాత నేను వేల స్లైడులు చేశాను. బస్సెక్కి కండక్టరు ఈల వేసినప్పుడల్లా నా చేతులు నేను చూసుకునేవాణ్ణి.

రిటైరయిన కొన్నాళ్ళకి మా తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్. వాడు లండన్ శివార్లలో ఉంటాడు. వెళ్ళి ఇరవయ్యేళ్ళు దాటింది. మామూలుగా ఆదివారం పొద్దున చేస్తాడు. ఆ రోజు బుధవారం, అర్ధరాత్రి.

"అన్నయ్యా, గ్లీసన్ మూడు ప్లస్ నాలుగు అంటే ఏమిటి?"

నాకు నిద్ర వదిలిపోయింది. అలాంటి ప్రశ్న ఎవరూ ఊరికే అడగరు. రక్తంలో పీఎస్ఏ ఎక్కువగా వచ్చిందట. ఎమ్మారై తీశారు, బయాప్సీ చేశారు. ప్రొస్టేట్ క్యాన్సర్. మధ్యరకం. ఇంకా గ్రంథి దాటి బయటికి రాలేదు. ఆపరేషన్‌తో తీసేయొచ్చు. వాడికి 56 ఏళ్ళు.

"నువ్వొస్తావా అన్నయ్యా?" అన్నాడు. చిన్నప్పుడు ఇంజక్షన్ వేయించుకోవడానికి నా చెయ్యి పట్టుకున్నప్పటి గొంతు అది.

వెళ్ళాను. విమానం ఎక్కడం అదే మొదలు.

వెళ్ళిన రెండో రాత్రి వాడూ నేనూ వంటింట్లో టీ పెట్టుకుని కూర్చున్నాం. మరదలు పడుకుంది. "ప్రాణం ముఖ్యం అని అందరూ అంటున్నారు. నాకూ తెలుసు. కానీ..." అని వాడు ఆగిపోయాడు. కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. నేనూ ఏమీ అనలేదు. అన్నదమ్ములం మేం పొలం గురించి మాట్లాడుకున్నాం, అమ్మ వైద్యం గురించి మాట్లాడుకున్నాం, అప్పుల గురించి మాట్లాడుకున్నాం. దీని గురించి మాట్లాడుకునే భాష మా ఇంట్లో లేదు. ప్రొస్టేట్‌ని తెలుగులో పౌరుష గ్రంథి అన్నారు. ఆ పేరులోనే సగం భయం ఉంది.

వాడు పూర్తిచేయని ఆ మాట నాకు తెలుసు. ఈ గ్రంథి మూత్రాశయం కింద అక్రోటు కాయంత ఉంటుంది. దానికి వెనక రెండు పక్కలా సన్నని నరాలు, రక్తనాళాలు కలిసి పేనిన తాడులా అంటిపెట్టుకుని పోతుంటాయి. అంగస్తంభనకి ఆ నరాలే ఆధారం. ఒకప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళలో చాలామంది ఆ శక్తి పోగొట్టుకునేవారు. నరాలు కచ్చితంగా ఎక్కడున్నాయో సర్జన్లకే తెలియదు మరి. 1981లో జాన్స్ హాప్కిన్స్‌కి చెందిన పాట్రిక్ వాల్ష్, హాలండ్‌లోని లైడెన్‌లో పీటర్ డాంకర్ అనే రిటైరైన ప్రొఫెసరుతో కలిసి కూర్చుని, ఒక మృతశిశువు దేహంలో ఆ నరాల దారిని కనిపెట్టాడు. మరుసటి ఏడాది, 1982 ఏప్రిల్‌లో, వాటిని కావాలని కాపాడుతూ మొదటి ఆపరేషన్ చేశాడు.

దారి తెలిసింది సరే, చిక్కు మాత్రం తీరలేదు. నరాల్ని కాపాడాలంటే గ్రంథి ఒంటికి అంటిపెట్టుకుని కోయాలి. క్యాన్సర్ అంచు దాకా వచ్చి ఉంటే అక్కడ కణాలు మిగిలిపోతాయి. పోనీ కాస్త ఎడంగా కోద్దామంటే నరాలు పోతాయి. మా తమ్ముడి గడ్డ కుడివైపు, అంచుకి దగ్గరగా ఉంది.

సర్జన్‌ని కలవడానికి ముగ్గురం వెళ్ళాం. ఆయన ఎమ్మారై చూపించి అంతా చెప్పి "ఏమైనా అడగాలా?" అన్నాడు. తమ్ముడు లేదని తలూపాడు. నిమిషం గడిచింది. అప్పుడు మరదలు గొంతు సవరించుకుంది. నేను లేచి బయటికి వెళ్ళబోయాను. "కూర్చోండి బావగారూ. మీకు తెలియని విషయమా?" అని నన్ను ఆపి, డాక్టరు వైపు తిరిగి, ఆపరేషన్ తర్వాత మేం భార్యాభర్తల్లా ఉండగలమా అని సూటిగా అడిగేసింది. తమ్ముడు నేల చూశాడు. నాకైతే ఆ అమ్మాయికి దండం పెట్టాలనిపించింది.

సర్జన్ మొహంలో ఇబ్బంది లేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను.

ఇన్నాళ్ళూ నరాలు ఉంచాలా తీయాలా అన్నది స్కాన్ చూసి, బయాప్సీ చూసి, సర్జన్ అనుభవంతో ముందే నిర్ణయించేవారు. అనుమానం ఉంటే తీసేయడమే. జర్మనీలో, హాంబర్గ్‌లోని మార్టినీ క్లినిక్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. ముందు నరాలు ఉంచి గ్రంథిని తీస్తారు. మనిషి ఇంకా టేబుల్ మీద ఉండగానే, నరాలు అంటుకుని ఉన్న వైపు అంచుని ఫ్రోజెన్ సెక్షన్ చేస్తారు. అంచు శుభ్రంగా ఉంటే నరాలు ఉండిపోతాయి. క్యాన్సర్ తగిలితే అప్పుడు వెనక్కి వెళ్ళి ఆ వైపు తీస్తారు. దానికి న్యూరోసేఫ్ అని పేరు. ఇంగ్లండులో అయిదు ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో 381 మంది మీద దీన్ని పరీక్షించి, 2025లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ఫలితాలు వేశారు. ఏడాది తర్వాత చూస్తే, ఇలా చేసినవాళ్ళలో నూటికి 39 మందికి స్తంభన సమస్య లేదు, లేదా కొద్దిగానే ఉంది. మామూలు పద్ధతిలో నూటికి 23 మందికే అలా ఉంది.

"మరి ఫ్రోజెన్‌కి క్రయోస్టాట్, టెక్నీషియన్లు..." అని నా నోటి నుంచి వచ్చేసింది. నేను ఏం పని చేసేవాణ్ణో తమ్ముడు చెప్పాడు. సర్జన్ మొహం వెలిగింది. అదే పెద్ద అడ్డంకి అన్నాడు. ఆ మిషన్, ఆ చేతులు, ఆ టైము అన్ని ఆసుపత్రుల్లో ఉండవు. అందుకే తాము మరో పద్ధతి పరిశీలిస్తున్నామని, ఒప్పుకుంటే మా తమ్ముడినీ అందులో చేర్చుకుంటామని చెప్పాడు. గడ్డకట్టించరు. కోయరు. అప్పుడే తీసిన గ్రంథిని అలాగే రంగునీళ్ళలో ముంచి, గాజు పలక మీద పెట్టి, లేజరుతో దాని పైభాగాన్ని చదువుతారు.

కోయకుండా ఎలా? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా పనంతా కోతే కదా. మామూలు మైక్రోస్కోపులో మందమైన ముక్క పెడితే పై పొర, కింది పొర అన్నీ కలిసి మసకమసకగా కనిపిస్తాయి. అందుకే కాగితం కన్నా ఎన్నో రెట్లు పల్చగా కోస్తాం. కాన్ఫోకల్ మైక్రోస్కోపులో ఆ పని వెలుగే చేస్తుంది. లేజర్ ఒక బిందువు మీద వాలుతుంది. అక్కడి నుంచి తిరిగొచ్చే కాంతి ఒక సూదిబెజ్జం గుండా వెళ్ళాలి. వేరే లోతుల నుంచి వచ్చే కాంతిని ఆ బెజ్జం రానివ్వదు. కాబట్టి ఒక్క పొర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. మార్విన్ మిన్స్కీ అనే ఆయన 1957లోనే దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. కృత్రిమ మేధకి ఆద్యుల్లో ఒకడిగా ఇప్పుడందరూ చెప్పుకునే మిన్స్కీ ఆయనే. ఇక రంగునీళ్ళ సంగతి: అక్రిడిన్ ఆరెంజ్ లాంటి రంగు కణంలోని కేంద్రకాన్ని పట్టుకుని, నీలి లేజరు పడగానే మెరుస్తుంది. క్యాన్సర్‌ని పట్టించేది ముఖ్యంగా ఆ కేంద్రకాల తీరూ, గ్రంథుల అమరికే. వచ్చిన బొమ్మకి కంప్యూటర్ ఊదా, గులాబీ రంగులు వేస్తుంది. మేం హెమటాక్సిలిన్, ఇయోసిన్‌తో వేసే రంగులవే. డాక్టర్ల కళ్ళు వందేళ్ళ పైనుంచి వాటికే అలవాటుపడ్డాయి మరి.

ఇవన్నీ సరే, నన్ను మంచం మీద లేపి కూర్చోబెట్టింది మాత్రం ఇంకో సంగతి. అంతా అయ్యాక కూడా ముక్క ముక్కలాగే ఉంటుంది. చూడటానికని దాన్ని ఖర్చు పెట్టక్కర్లేదు. బొమ్మ సరిగ్గా రాకపోతే మళ్ళీ తీయొచ్చు. తర్వాత ఫార్మలిన్‌లో వేసి, మామూలు పద్ధతిలో తీరుబడిగా మళ్ళీ చూడొచ్చు. ఆ మే నెల మధ్యాహ్నం నా బ్లేడు కింద కరిగిపోయిన కందిపప్పు గింజ గుర్తొచ్చింది.

పొద్దున తమ్ముడికి కండక్టరు కథ చెప్పాను. అన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. విని వాడు "అయితే ఒప్పుకుందాం అన్నయ్యా" అన్నాడు.

ఆపరేషన్ రోజు వాన. మరదలూ నేనూ ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చున్నాం. ఆమె పెదవులు కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకుంటోంది. నేను మాత్రం గడియారం చూస్తూ లోపల ఏం జరుగుతుంటుందో ఊహించుకుంటున్నాను. పొట్ట మీద చిన్న చిన్న బెజ్జాలు. రోబో చేతులు. సర్జన్ కాస్త దూరంగా కూర్చుని ఆ చేతుల్ని ఆడిస్తుంటాడు. గ్రంథిని విడదీసి, సంచిలో వేసి, బొడ్డు దగ్గరి గాటు నుంచి బయటికి తీస్తారు. రంగులో ముంచుతారు. గాజు పలక మీద ఒక పక్క పెడతారు, ఇంకో పక్క పెడతారు. తెర మీద బొమ్మ. ఈలోగా సర్జన్ ఊరికే కూర్చోడు, మూత్రాశయాన్ని మూత్రనాళానికి కలిపి కుట్టే పనిలో ఉంటాడు. ఇక్కడ పరిగెత్తే వార్డుబాయ్ లేడు. కానీ ఎవరో ఒకరు ఆ తెర ముందు మా మేడమ్‌లాగే కళ్ళు చిట్లించి చూస్తూ ఉంటారు. ఆ మనిషికి కరెంటు పోకుండా ఉండాలి స్వామీ అనుకున్నాను. ఇంగ్లండులో కూర్చుని.

సాయంత్రం సర్జన్ వచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగింది. ఎడమవైపు అంచు శుభ్రంగా ఉంది, నరాలు పూర్తిగా ఉంచాం. కుడివైపు ఒకచోట కణాలు అంచుని తాకాయి. అందుకని అక్కడ మళ్ళీ కోసి, కుడి నరాల కట్టలో కొంత భాగం తీశాం. మరదలు "మొత్తం కాదుగా?" అంది. "కాదు, కొంతే" అన్నాడు ఆయన. ఆమె ఆ మాటనే పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

కొన్ని వారాలకి మైనం పద్ధతిలో చేసిన రిపోర్టు వచ్చింది. తెర మీద చూసిన చోట క్యాన్సర్ నిజంగానే అంచుని తాకిందని ఉంది. అదనంగా తీసిన ముక్కలో మాత్రం క్యాన్సర్ లేదని ఉంది.

నా గుండె జారింది. కండక్టరు నరం రిపోర్టు కూడా అచ్చం ఇదే మాట. మళ్ళీ అనవసరంగా తీశారా?

సర్జన్ లాప్‌టాప్‌లో ఆ బొమ్మ తెరిచి నా వైపు తిప్పాడు. ఊదారంగులో, నేను జీవితమంతా చూసిన లోకమే. ఆరోగ్యంగా ఉన్న గ్రంథులు పూలరేకుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక మూల మాత్రం చిన్న చిన్న గ్రంథులు రద్దీ బస్సులో జనంలా ఇరుక్కుని, అంచుని తోసుకుంటూ ఉన్నాయి. చూపించకముందే నేను వేలు పెట్టాను. "అవును, అక్కడే" అన్నాడు. అంచు అవతల ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది. కానీ అంచుని తాకిందన్నది ఆ క్షణాన కళ్ళకి కనిపించింది.

అప్పుడు నా మనసు కాస్త నెమ్మదించింది. కండక్టరు నరాన్ని మేం చూడలేక తీశాం. మా తమ్ముడిది చూసి తీశారు. రిపోర్టులో రెండూ ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి కాదు. పైగా ఎడమవైపుది మొత్తం మిగిలింది, కుడివైపుదీ సగం మిగిలింది. తీసేయడానికి భయం చాలు. ఉంచడానికి ఆధారం కావాలి.

ఇది మంత్రమేం కాదని సర్జనే చెప్పాడు. ఆ బొమ్మలు చదవడం పాథాలజిస్టులు కొత్తగా నేర్చుకోవాలి. వాపు వచ్చిన కణజాలం, కొవ్వు తికమక పెడతాయి. ఫ్రోజెన్‌కి ఉన్నంత అనుభవం దీనికింకా లేదు. నరం మిగిలినంత మాత్రాన అంతా వెంటనే పూర్వంలా అయిపోదు కూడా. నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

మా తమ్ముడు మొదట్లో ప్యాడ్లు పెట్టుకున్నాడు. తుమ్మితే తడి, నవ్వితే తడి. "నవ్వించకు అన్నయ్యా, ఖర్చవుతుంది" అనేవాడు. కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం టీవీ చూస్తూ చేసేవాడు. మూడు నెలల తర్వాత పీఎస్ఏ దొరకనంత తక్కువకి పడిపోయింది. ఇక మిగతా విషయం నేను అడగలేదు, వాడు చెప్పలేదు. కానీ మొన్నొక ఆదివారం ఫోన్లో వెనక నుంచి మరదలు ఏదో అంటే వాడు నవ్వాడు. పెళ్ళయిన కొత్తలో నవ్వే నవ్వు. అంతకంటే నాకు రిపోర్టు అక్కర్లేదు.

ఫోన్ పెట్టేముందు వాడు అడిగాడు. "అన్నయ్యా, నువ్వు పీఎస్ఏ చేయించుకున్నావా?"

లేదు. 34 ఏళ్ళు ఊరందరి ముక్కలూ చూశాను. తోడబుట్టినవాడికి ఈ జబ్బు వస్తే మనకీ ముప్పు ఎక్కువని నాకు బాగా తెలుసు. అయినా వాయిదా వేస్తూ వచ్చాను. మగవాళ్ళం మాట్లాడుకోని విషయాల్లో ఇదొకటి. వంటింట్లో టీ కప్పు తిప్పుతూ కూర్చుని మాట మింగేస్తాం. మా మరదలిలాంటి వాళ్ళు గొంతు సవరించుకునేదాకా ఆగుతాం.

ఈ పొద్దున మా పాత ఆసుపత్రికే వెళ్ళాను. రక్తం తీసిన కుర్రాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. "మీరు ఆగండి సార్, నేను రాస్తాను" అంటున్నా వినకుండా, పెన్ను తీసుకుని ట్యూబు మీద పేరు నేనే రాశాను. ఇన్ని వేల పేర్లు రాసిన చెయ్యి నా పేరు దగ్గర కాస్త వణికింది.

రిపోర్టు రేపు సాయంత్రం ఇస్తారట.